ఐదు లక్షల నలభై వేల కులూంబులు

మా ఆయన త్రినాథరావు గారు పద్దెనిమిదేళ్లుగా ఒకటే పాఠం చెబుతున్నారు. ఇందులో ఆయన తప్పేమీ లేదు. చైతన్యపురి మెయిన్ రోడ్డు మీద ఆయన పనిచేసే ఎంసెట్ కోచింగ్ సెంటర్ పద్ధతే అంత. అక్కడ భౌతికశాస్త్రాన్ని కోడిని కొట్టినట్టు కొట్టి ముక్కకొక లెక్చరర్ని పెడతారు. ఒకాయనకు కాంతి, ఇంకొకాయనకు ఉష్ణం, మా వారికి స్థిరవిద్యుత్తు. స్థిరవిద్యుత్తులో ఆవేశం కదలదు. పెట్టిన చోటే కూర్చుని పక్కవాటిని లాగుతూనో తోస్తూనో ఉంటుంది, మా అత్తగారి వైపు చుట్టాల్లాగా. నానో కులూంబులను మైక్రో కులూంబులుగా, వాటిని కులూంబులుగా మార్చడం ఆయన నిద్రలో కూడా చేయగలరు. చేస్తారు కూడా, నేను విన్నాను. అదే ఆవేశం లేచి తీగలో నడవడం మొదలుపెట్టిందంటే ఇక అది ప్రసన్నకుమార్ గారి పాఠం. మా వారు సుద్దముక్క కింద పెట్టి టీకి వెళ్లిపోతారు. ఒకరి పాఠంలో మరొకరు వేలు పెట్టకపోవడం అక్కడి మర్యాద.

ఇన్వర్టర్ కొనేదాకా ఆ మర్యాద వల్ల మా సంసారానికి ఏ ఇబ్బందీ రాలేదు.

అది రెండువేల పదకొండు, సకల జనుల సమ్మె రోజులు. బొగ్గు గనులు ఆగాయి, బస్సులు ఆగాయి, ఆఫీసులు ఆగాయి. ఎల్బీనగర్‌లో మా సందుకు కరెంటు రావడం కూడా, పెళ్లివారింటికి అలిగిన బావగారు వచ్చినట్టు, ఇలా వచ్చి అలా వెళ్లిపోయేది. మా ఇంటి ఓనరు సత్తయ్య గారిది అల్మాస్‌గూడ. అక్కడి పొలాలు కాలనీలయ్యాక ఇక్కడ రెండంతస్తుల ఇల్లు కట్టుకుని కింద ఉంటున్నారు. ఆయన ఆర్టీసీ డ్రైవరు. పొద్దున దిల్‌సుఖ్‌నగర్ డిపో ముందు సమ్మె టెంటులో కూర్చుని, మధ్యాహ్నం నుంచి మా మెట్ల మీద కూర్చునేవారు. పైన కిరాయికి ఉండే మేం బందరు నుంచి వచ్చినవాళ్లం. పైన సమైక్యాంధ్ర, కింద ప్రత్యేక తెలంగాణ. సాయంత్రం ఆ మెట్ల మీద రోజూ రాష్ట్రం విడిపోయేది. నేను టీ తీసుకెళ్లగానే కప్పులు ఖాళీ అయ్యేంతసేపు కలిసి ఉండేది.

ఇద్దరూ కలిసి ఇన్వర్టర్ కొనాలన్న ఆలోచన మగవాళ్లది కాదు. సత్తయ్య గారి భార్య సుక్కమ్మగారిది.

మా సందులో బతుకమ్మ ఆట సుక్కమ్మగారి పాట లేనిదే మొదలుకాదు. ఆమె ఒక చరణం ఎత్తుకుంటే అందరూ అందుకుని చప్పట్లు కొడుతూ తిరగాలి. అయితే ఆ వేసవిలో ఆమెకు గొంతు ఆపరేషనైంది. దవాఖాన నుంచి వచ్చాక గొంతు తిరిగి వచ్చింది గానీ, పక్కన కూర్చున్నవాళ్ల దాకానే వచ్చింది. మైకు లేనిదే గుండ్రం అవతలి వాళ్లకు వినపడదు. ఆఖరి రోజైన సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం మా సందుకు కరెంటు కోత వేళ. పక్క సందు తిరుపతమ్మకేమో టెంట్ హౌసు ఉన్న మొగుడు, మొగుడికి జనరేటరు ఉన్నాయి.

"మైకు లేకుంటె ఆడోళ్లంత ఆమె దిక్కు పోతరు దుర్గమ్మా," అంది సుక్కమ్మగారు, నా చెవి దగ్గర నోరు పెట్టి. "గామె సినిమా బాణీల పాడ్తది. పూలు గూడ సిగ్గుపడ్తయి. ఒక్క ఏడు పాట చెయ్యి జారిందంటె మల్ల నా తాన్కి రాదు."

"ఇంత చిన్న గొంతుతో ఇంత పెద్ద మాట ఎలా అంటారు పిన్నిగారూ?"

"పాడేటప్పుడే సన్నగైంది బిడ్డా. తిట్టేటప్పుడు బాగనే ఒస్తది."

అలా చెరి సగం వేసుకుని కొన్నాం. మెట్ల కింద పెట్టించాం. ఆ సాయంత్రమే పేచీ మొదలైంది.

"సగం సగం అంటె ఎట్ల తెలుస్తది సారూ?" అన్నారు సత్తయ్య గారు. "మీరు పైన సందు లేకుంట ఫ్యాన్లు తిప్తరు."

"మీరు పొద్దస్తమానం టీవీలో ధర్నాలు చూస్తారు."

"చూస్తలేం సారూ, చేస్తున్నం. మేము మంచిగొచ్చినమా లేదా అని చూసుకుంటం, అంతే."

మా వారి కళ్లలో వెలుగు వచ్చింది. పద్దెనిమిదేళ్ల తర్వాత ఆయన పాఠానికి నిజజీవితంలో పని పడింది. కోచింగ్ సెంటర్లో మూలపడ్డ తెల్లబోర్డు తెచ్చి మెట్ల గోడకు తగిలించి, మార్కరు పట్టుకున్నారు.

"బ్యాటరీ మీద ఏం రాసుంది? నూట యాభై ఏహెచ్. అంటే ఒక ఆంపియర్ చొప్పున నూట యాభై గంటలు ఇస్తుంది. ఒక ఆంపియర్ అంటే సెకనుకు ఒక కులూంబ్. గంటకు మూడు వేల ఆరువందల సెకన్లు. కాబట్టి ఒక ఆంపియర్ అవర్‌కు మూడు వేల ఆరువందల కులూంబులు. దాన్ని నూట యాభై పెట్టి గుణిస్తే..." అని, పిల్లల చేత చెప్పించే అలవాటు కొద్దీ సత్తయ్య గారి వైపు చూశారు. ఆయన వెనక్కి తిరిగి గోడ వైపు చూశారు. "ఐదు లక్షల నలభై వేల కులూంబులు! అందులో రెండు లక్షల డెబ్బై వేలు మీవి, రెండు లక్షల డెబ్బై వేలు మావి."

"కులూంబంటె ఏంది సారూ?"

"ఆవేశానికి ప్రమాణం."

"ఆవేశమా! గది మాకు బ్యాటరీ లేకున్నా బగ్గున్నది." సత్తయ్య గారు బోర్డును మరోసారి పైకీ కిందికీ చూసి మెత్తబడ్డారు. "గాని లెక్క మంచిగున్నది. గిదే లెక్క కృష్ణా నీళ్లకు గూడ జేసి పెట్టరాదు?"

మర్నాడు మా వారు కోఠీ వెళ్లి ఒక మీటరు కొనుక్కొచ్చారు. పటకారులా నోరు తెరిచి తీగను పట్టుకుంటే, ఆ తీగలో ఎన్ని ఆంపియర్లు నడుస్తున్నాయో చెబుతుంది. కరెంటు పోగానే కింది వాటాకు వెళ్లే తీగను పట్టుకున్నారు, అర ఆంపియర్ చూపించింది. పై వాటా తీగను పట్టుకున్నారు, అదీ అర ఆంపియరే. అర ఆంపియరంటే గంటకు పద్దెనిమిది వందల కులూంబులు. ఐదు లక్షల నలభై వేల ముందు ఇదెంత?

"దుర్గా, ఈ లెక్కన బ్యాటరీ దసరా దాటి దీపావళి దాకా వస్తుంది. అనవసరంగా పెద్దది కొన్నాం," అన్నారు, చేతులు కడుక్కుంటూ.

పప్పులో పోపు వేసే వేళకు ఇన్వర్టర్ కీచుమని అరిచి చచ్చిపోయింది.

చీకట్లో మా వారు టార్చిలైటుతో బోర్డు ముందు నిలబడ్డారు. నాలుగు గంటలు వాడాం. ఖర్చు పద్నాలుగు వేల నాలుగు వందలు. నిల్వ ఐదు లక్షల పాతిక వేల పైచిలుకు. బోర్డు మీద నిల్వ ఉంది, బ్యాటరీలో లేదు.

"దొంగతనం జరిగింది," అన్నారు, గొంతు తగ్గించి.

"అయ్యో, ఏం పోయాయండీ?"

"కులూంబులు."

"ఎన్ని?"

"ఐదు లక్షలు."

"అన్ని పట్టుకుపోవాలంటే ఆటో మాట్లాడుకుని ఉంటారు," అన్నాను. ఆయన నా మొహాన టార్చి వేశారు. నేను అప్పుడు నవ్వడం లేదు కాబట్టి బతికిపోయాను.

తర్వాత మెట్ల మీద జరిగింది మా సందంతా విన్నది. కరెంటు లేదు, టీవీలు లేవు, జనానికి మాత్రం ఏం పని?

"మీ వాటాలో ఎక్కడో దొంగ కనెక్షన్ ఉంది సత్తయ్యా!"

"మా ఇంట్ల మేమే దొంగ కనెక్షన్ పెట్టుకుంటమా? ఏం మాట్లాడ్తున్నరు సారూ? పైకెల్లి మీరే గుంజుకుంటున్నరేమో! మీ తీరుగ గుంజుడు మాకు రాదు."

"లెక్క ఉందయ్యా, లెక్క! బోర్డు మీద ఉంది!"

"ఎవలు ఎవల్ని దోచుకున్నరో ఢిల్లీ కమిటీలు గూడ తేల్చలె. మీరు టార్చిలైటు వట్టి తేలుస్తరా?"

చివరికి మా వారు మార్కరు తీసి బోర్డు కింద రాసేశారు: పోయిన కులూంబుల సంగతి తేలేవరకు కింది వాటా వాడకం నిలిపివేయడమైనది. సత్తయ్య గారు దాన్ని చదివి, బ్యాటరీనే ముట్టుకోనని, అవసరమైతే లాంతరు పెట్టుకుని బతుకుతానని ప్రకటించి లోపలికి వెళ్లిపోయారు. ఇద్దరు మగవాళ్ల పౌరుషం మధ్య ఎగిరిపోయింది సుక్కమ్మగారి మైకు. సద్దుల బతుకమ్మ మర్నాడే.

నేను బీఎస్సీలో అన్ని పాఠాలూ చదివాను, మాకు ముక్కలు కొట్టి ఇచ్చేవాళ్లు లేక. కొవ్వొత్తి వెలుగులో పప్పు వడ్డిస్తూ ఆలోచిస్తే సంగతి తెలిసింది. బ్యాటరీ పన్నెండు వోల్టులది. ఇంట్లో ఫ్యాన్లు తిరిగేది రెండువందల ముప్ఫైలో. ఇంటి తీగలో ఒక ఆంపియర్ నడవాలంటే ఇన్వర్టర్ బ్యాటరీలోంచి ఇరవై దాకా లాగాలి. పైగా ఆ కోతల మధ్య కొత్త బ్యాటరీ నిండా ఎక్కనే లేదు. మా వారు ఇంటి తీగలో నడిచిన కులూంబులను కొలిచి, వాటిని బ్యాటరీ కులూంబుల్లోంచి తీసేశారు. వంద డాలర్లు ఖర్చుపెట్టి వంద రూపాయలే పోయాయనుకున్నట్టు. ఏహెచ్‌ను కులూంబులుగా మార్చడంలో మాత్రం ఒక్క సున్నా కూడా తప్పు పోలేదు, అందుకే ఆయనకు అంత ధైర్యం. ఆవేశం కదలని పాఠం చెప్పేవాళ్లకు మాత్రమే రాగల తప్పు ఇది.

చెప్పొచ్చు కదా అంటారు. భర్త తప్పు కనిపెట్టగానే చెప్పేస్తే అది అక్కడితో ఖర్చైపోతుంది. కొంచెం దాచుకుంటే అక్కరకు వస్తుంది.

పొద్దున్నే సుక్కమ్మగారు తంగేడుపూల గంప చంకన పెట్టుకుని పైకి వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"తిరుపతమ్మ ఇంటికి పోతున్న దుర్గమ్మా. ఈ ఏడు నువ్వే పాడు అని చెప్పొస్త. ఆమె వొచ్చి అడిగేకంటె నేనే చెప్తె ఇజ్జత్ ఉంటది."

"సాయంత్రం దాకా ఎవరికీ ఏమీ చెప్పకండి. మీ మైకువాడి మిషన్ నేరుగా బ్యాటరీ మీద నడుస్తుందా?"

"ఆ, కార్ల బ్యాటరీ పెడ్తడు ఎప్పుడన్న. ఇయ్యాల గది తిరుపతమ్మ మొగడు ముందే కిరాయికి తీస్కపోయిండు. మనమేడ అడుగుతమోనని."

"అయితే ఒక్క పని చేయండి. ఇవాళ బాబాయిగారు లాంతరు పౌరుషం మీదే ఉండేలా చూడండి. కింద ఒక్క బల్బు కూడా ఇన్వర్టర్ మీద వెలగకూడదు."

"గాయన పౌరుషం సంగతి నాకిడువు. జర ఊదితె చాలు, మండ్తది."

పై వాటా ఫ్యూజు నేనే పీకి బియ్యం డబ్బాలో పెట్టాను. నా లెక్క నాకుంది. కోతల మధ్య కరెంటు ఎంత తక్కువ వచ్చినా సాయంత్రానికి బ్యాటరీలోకి ఒక అరవై ఏహెచ్ ఎక్కుతుంది, అంటే రెండు లక్షల పదహారు వేల నిజమైన కులూంబులు. మైకు మిషన్ ఐదు ఆంపియర్లు లాగినా మూడు గంటలకు యాభై నాలుగు వేలు. సుక్కమ్మగారు తనివితీరా పాడుకుని, ఇంటికొచ్చి ఇంకో విడత పాడుకున్నా మిగులుతాయి.

ఇక కావలసింది మా వారి అనుమతి. మధ్యాహ్నం ఆయన చైతన్యపురి నుంచి వచ్చి, తిరగని ఫ్యాను కింద పడక్కుర్చీలో చెమటలు కక్కుతూ కూర్చున్నప్పుడు మజ్జిగ గ్లాసుతో వెళ్లి పక్కన కూర్చున్నాను.

"ఏవండీ, నాకొక డౌటు."

డౌటు అనే మాట వింటే ఆయన ఎంత ఉక్కలోనైనా నిటారుగా కూర్చుంటారు. "అడుగు."

"కింది వాళ్ల వాటా రెండు లక్షల డెబ్బై వేలు కదా. వాళ్లు వాడింది ఏడు వేల రెండు వందలు. ఇంకా రెండు లక్షల అరవై రెండు వేలు ఉండాలిగా?"

"ఉండాలి. దొంగిలించారు గనక లేవు."

"వాళ్లవి వాళ్లే దొంగిలించుకున్నారా?"

ఆయన మజ్జిగ తాగారు.

"పోనీ ప్రసన్నకుమార్ గారిని ఒకసారి ఇంటికి పిలుద్దామా? కదిలే ఆవేశం ఆయన పాఠమేగా. బోర్డు చూసి ఎక్కడ పోయాయో చెబుతారు."

ఆయన గ్లాసు కింద పెట్టేశారు. ప్రసన్నకుమార్ గారి పేరు మా ఇంట్లో ఉప్పు ఎక్కువైన కూరలాంటిది. "ఆయనెందుకు? నా లెక్కలో తప్పుందంటావా?"

"అయ్యో, లేదనే అంటున్నాను. లెక్క తప్పు లేదంటే సుక్కమ్మగారి కులూంబులు ఎక్కడో ఉన్నట్టే. ఆవిడ మైకుకు అడిగేది యాభై నాలుగు వేలు. ఇవ్వం అంటే అప్పుడు మీ లెక్క తప్పని మనమే ఒప్పుకున్నట్టవుతుంది. అసలే కింద బాబాయిగారు అదే మాట అంటున్నారు."

అనలేదు. అయినా అనగలిగినవారే.

 మా వారు లేచి వెళ్లి, బోర్డు మీద రాత చెరిపి, మెట్ల పైనుంచి గట్టిగా పిలిచారు. "సత్తయ్యా! సద్దులకు బ్యాటరీ తీసుకెళ్లండి. నా లెక్క ప్రకారం మీకు హక్కుంది."

"హక్కుల సంగతి మాకెరికే సారూ," అని కింద నుంచి జవాబొచ్చింది. "గాని ఒక్కన్నే మొయ్యలేను. జర కిందికి రండ్రి."

సాయంత్రం సందు చివరి ఖాళీ జాగాకి ఇద్దరూ బ్యాటరీని చెరోవైపు పట్టుకుని, దారి పొడవునా ఒకరినొకరు నెమ్మది నెమ్మది అని తిట్టుకుంటూ మోశారు. ఆడవాళ్లు పూల బతుకమ్మలను మధ్యలో పెట్టారు. అవతల తిరుపతమ్మ వాళ్ల జనరేటరు అప్పుడే బుడుబుడుమంటోంది. సుక్కమ్మగారు కొత్త చీర కట్టుకుని మైకు పట్టుకుంది. ఆ పట్టుకోవడంలోనే ఆమె గొంతు సగం తిరిగొచ్చింది. మొదటి చరణం ఎత్తుకోగానే స్పీకరు పెట్టెలోంచి గొంతు బొంగురుగా, గరుకుగా, అయినా తన గొంతులాగే వినపడింది. ఆడవాళ్లు అందుకున్నారు. తిరుపతమ్మ వైపు నుంచి ఇద్దరు ముగ్గురు ఊరికే చూడటానికన్నట్టు వచ్చి, గుండ్రంలో కలిసిపోయారు. నాకు చప్పట్లు ఎప్పుడూ ఒక అడుగు వెనకే పడతాయి, అయినా నేనూ తిరిగాను.

అంతా బాగానే జరిగేది. మా వారు మీటరు తెచ్చుకోకపోతే.

"సారూ, చీకటి పడ్తున్నది. జర లైట్లు పెడ్తె ఎట్లుంటది? ఇన్వర్టర్ గూడ తెప్పిస్త," అంటున్నారు సత్తయ్య గారు.

"పెట్టండి! రెండు ఫోకస్ లైట్లు పెట్టండి, సీరియల్ బల్బులు కూడా వేయండి!" మా వారు చెయ్యి చాచి దానం చేస్తున్నారు. "అన్నీ కలిపి రెండు ఆంపియర్లు. గంటకు ఏడు వేల రెండు వందలు. ఇంకా ఐదు లక్షలున్నాయి!"

నా పాదం పక్కావిడ పాదం మీద పడింది. రెండు ఆంపియర్లు కాదు మహానుభావా, బ్యాటరీలోంచి నలభై పైనే. చెబుదామని నోరు తెరిచాను. ఏమని చెప్పను? ఐదు లక్షలు లేవని చెబితే, మధ్యాహ్నం ఉన్నాయని ఒప్పించింది ఎవరు?

"ఏవండీ, వెన్నెల ఉంది కదా, లైట్లు ఎందుకూ..." అన్నాను.

"నీకు తెలియదు, నువ్వాడుకో," అన్నారు.

లైట్లు వెలిగాయి. పూలన్నీ పచ్చగా, ఎర్రగా మెరిశాయి. నిజం చెప్పాలంటే చాలా బాగుంది. జనం పెరిగారు. తిరుపతమ్మ వైపు జనరేటరొక్కటే మిగిలి, చివరికి తిరుపతమ్మే నోట్లో పాన్‌తో వచ్చి అంచున నిలబడింది, ఎప్పుడు సందు దొరుకుతుందా అని. సుక్కమ్మగారు ఆమెను చూసి ఇంకో పాట ఎత్తుకుంది. నేను చప్పట్లు కొడుతూ, నోట్లో గుణకారాలు చేసుకుంటూ తిరుగుతున్నాను. ఎన్నిసార్లు చేసినా గంట పైన రావడం లేదు.

వచ్చింది గంటే. ఇన్వర్టర్ కీచుమంది. ముందు లైట్లు పోయాయి. తర్వాత మైకు, పాట మధ్యలో, ఒక మాటను సగానికి విరిచి ఆగిపోయింది.

ఒక్క క్షణం చప్పట్లు ఆగాయి. తిరుపతమ్మ పాన్ ఉమ్మి, గొంతు సవరించుకుంది.

సుక్కమ్మగారు ఆగలేదు. మైకు పోయిందని తెలిసిందో లేదో, దాన్ని నోటి దగ్గరే పెట్టుకుని ఆ విరిగిన మాటను తనే పూర్తి చేసింది. వినపడింది ముందు వరుసకే. ముందు వరుస అందుకుంది. వెనక వాళ్లు వినపడక ఒక అడుగు ముందుకొచ్చారు. వాళ్ల వెనక వాళ్లు ఇంకో అడుగు. చప్పట్లు మెత్తబడ్డాయి, వేళ్ల చివర్లతో కొడుతున్నట్టు. గుండ్రం చిన్నదై, బతుకమ్మలకు చీర కుచ్చిళ్లు తగిలేంత దగ్గరికి వచ్చింది. తిరుపతమ్మ, వెనక నుంచి తోసుకొచ్చిన జనంతో పాటు లోపలికి వచ్చి పడి, చేసేదిలేక మిగతా వాళ్లతో కలిసి సుక్కమ్మగారి వెనకే వంత పాడింది.

చీకట్లో బ్యాటరీ దగ్గర మా వారి గొంతు లేచింది. "ఐదు లక్షలు! మళ్లీ ఐదు లక్షలు పోయాయి సత్తయ్యా!"

"ఈసారి మన ఇంట్ల కాదు గద సారూ. మనిద్దరం ఈడనే ఉన్నం."

"అదే నేననేది. మన ఇద్దరమూ కాదు. అంటే ఎవరు?"

ఇద్దరూ ఒక్కసారే పక్క సందు వైపు చూశారు. నాకు తెలిసి అన్ని నెలల్లో వాళ్లిద్దరూ ఒకే వైపు చూడటం అదే మొదలు.

"గా జనరేటరోల్లే! నేను ముందుగాల్నే అనుకున్న!"

"భూమిలోంచి లాగేస్తున్నారయ్యా! ఎర్తింగ్ చూడాలి, నా మీటరేదీ?"

"తోల్క ఒస్త ఆన్ని! ఏమనుకుంటున్నడు ఆడు? మన కులూంబులు మనకు గావాలె!"

"మన వాటా మనకే!"

సుక్కమ్మగారు చరణానికీ చరణానికీ మధ్య ఆగి, ఊపిరి పీల్చుకుని, చచ్చిపోయిన మైకులోనే వాళ్ల వైపు తిరిగింది. తిట్టేటప్పుడు ఆమె గొంతు నిజంగానే బాగుంటుంది.

"ఓ సారూ, ఓ మొగడా, జర నోర్లు మూస్కొని నిలవడుండ్రి. ఈడ పాట ఇనొస్తలేదు."